మెరిసే తొడుగు మాటున పొంచిన ముప్పు

బహుళ అంతస్తుల నివాస భవనాలకు వెలుపల లోహపు పలకల తొడుగు వేయడం నేడు సర్వసాధారణమైనది. గోడకు వాన చెమ్మ అంటదు. ఏటేటా రంగులు వేయించే శ్రమ తప్పుతుంది. పాత కట్టడమైనా కొత్తదానివలె మెరుస్తుంది. ఈ సౌలభ్యాలు కాదనలేనివి. అయితే లోహమనే పేరిట గోడకెక్కుతున్నది నిజముగా లోహమేనా అన్నదే అసలు ప్రశ్న.

పనివారు ‘ఏసీపీ షీటు’ అని పిలిచే పలక సాధారణంగా 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో ఇరువైపులా అర మిల్లీమీటరు చొప్పున అల్యూమినియం రేకులు మాత్రమే లోహం. నడుమనున్న 3 మిల్లీమీటర్ల పొర చౌక రకాలలో పాలిథిన్. అల్యూమినియం కరగడానికి 660 డిగ్రీల సెల్సియస్ వేడి కావలసి ఉండగా, పాలిథిన్ 130 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది; నిప్పంటుకుంటే మండుతూ బొట్లు బొట్లుగా కారుతుంది. పలకకూ గోడకూ నడుమ విడిచే ఖాళీ పొగగొట్టంవలె పనిచేసి మంటను పైకి లాగుతుంది.

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో జరిగినది ఇదే. 1974లో పూర్తయిన ఈ 24 అంతస్తుల భవనానికి 2016 నాటికి కొత్త తొడుగు వేశారు. మొదట అనుకున్న జింకు పలకలకు బదులు పాలిథిన్ పొర గల అల్యూమినియం పలకలు ఎంచుకోవడంవల్ల దాదాపు 2.93 లక్షల పౌండ్లు మిగులుతాయని లెక్క వేశారు. 2017 జూన్ 14 వేకువజామున నాలుగవ అంతస్తులోని ఒక వంటగదిలో పుట్టిన మంట తొడుగునంటుకుని అరగంటలోపే భవనం పైభాగానికి చేరింది. ఇండ్లలోనే ఉండవలసిందిగా నివాసులకు ఇచ్చిన సలహాను చాలాసేపటి వరకు మార్చలేదు. 72 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ మరణాలన్నీ నివారించదగినవేనని 2024 సెప్టెంబరు 4న వెలువడిన విచారణ సంఘపు తుది నివేదిక తేల్చింది. తయారీదారులు మొదలుకొని ప్రభుత్వం వరకు పలువురిని తప్పుపట్టింది.

18 మీటర్లకు మించిన కొత్త నివాస భవనాల వెలుపలి గోడలలో మండే పదార్థాలను ఇంగ్లండు 2018 డిసెంబరులోనే నిషేధించింది. అయినను పాత తొడుగులు ఎన్నో దేశాలలో నిలిచే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఇటువంటి తొడుగే గల అపార్టుమెంట్లు కాలిపోయి పదిమంది మరణించారు.

మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి సూచనప్రాయమైనది మాత్రమే. దానిని రాష్ట్రాలూ, స్థానిక సంస్థలూ తమ నిబంధనలలో చేర్చుకుంటేనే అమలులోకి వస్తుంది. కనుక హోసూరులోని కట్టడానికి తమిళనాడు నిబంధనలు, బళ్లారిలోని కట్టడానికి కర్ణాటక నిబంధనలు వర్తిస్తాయి. సరిహద్దు ప్రాంతాలలో ఇల్లు కొనేవారు ఏ రాష్ట్రపు నియమాలు అడగాలో ముందుగా తెలుసుకోవడం అవసరం.

లోహపు తొడుగును పూర్తిగా విసర్జించనక్కరలేదు. నడిమి పొర లేని అల్యూమినియం పలకలున్నాయి. మండని ఖనిజ పదార్థం దట్టించినవీ ఉన్నాయి. అంతస్తుకొక చోట తొడుగు వెనుక ఖాళీని అగ్నినిరోధక అడ్డుకట్టతో మూయవచ్చు. అయితే చౌకదానికీ, మేలైనదానికీ పైకి తేడా కానరాదు. కావున రంగునూ మెరుపునూ చూసి మురిసిపోక, నడిమి పొర ఏమిటో తెలిపే పరీక్షా ధ్రువపత్రాన్ని నిర్మాణదారు నుండి అడిగి తీసుకోవడం ప్రతి కొనుగోలుదారుకూ కర్తవ్యం. అడగకుండానే ఆ పత్రం చూపవలసిన నియమం తేవడం ప్రభుత్వాల కర్తవ్యం.