ఆకాశంలో కొలనూలు



ఈ నెల మా తప్పిదంతోనే మొదలుపెట్టవలసి ఉన్నది. కొన్ని వారాల క్రితం అంత్యదినముల సూచనలను గూర్చి ప్రసంగిస్తూ, "ఉష్ణమండలం 26 ఏళ్లలో 8 డిగ్రీలు, అనగా దాదాపు 900 కిలోమీటర్లు వెడల్పయింది" అని గట్టిగా చెప్పాము. సంఘమంతా నిశ్శబ్దమైపోయింది. ఆరాధన ముగిశాక, ఫిజిక్సు చదువుతున్న యౌవన సహోదరి ఒకతె మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ లెక్క నిజంగా వచ్చినదే. కాని ఆ తరువాత ఏమి తేలిందో మీరు చదివారా?" అని మెల్లగా అడిగింది. మేము చదవలేదు.

ఉష్ణమండలమనగానే బడిలో నేర్చుకున్న కర్కటరేఖ, మకరరేఖ మనకు గుర్తొస్తాయి. కాని గాలులు ఆ గీతలను చూసుకొని వీచవు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, వాన కురిపించి, పైన ఉత్తర దక్షిణాలకు సాగి, సుమారు 30 డిగ్రీల దగ్గర పొడిగా కిందికి దిగుతుంది. ఇటువంటి ప్రవాహాన్ని 1735లో జార్జి హ్యాడ్లీ అను ఆంగ్లేయుడు వివరించాడు. సహారా వంటి ఎడారులు ఆ దిగే గాలి కిందనే ఉన్నవి. ఆ హద్దు జరిగితే ఎడారి అంచున సేద్యం చేసే రైతుకు వాన తగ్గుతుంది. కాబట్టి ఇది వట్టి పండితుల లెక్క కాదు.

అయితే గాలికి గట్టు లేదు గదా, కొలిచేదెట్లు? మేఘాలు తిరిగే పొరకు పైకప్పు వంటి హద్దు ఒకటి ఉన్నది. అది ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ధ్రువాల దగ్గర 10 కిలోమీటర్ల లోపే. పరికరం కట్టిన బెలూనులను ఎగరవేసి దాని ఎత్తు తెలుసుకొంటారు. మన తిరుపతి దగ్గర గాదంకిలో కూడ రాడారుతోను బెలూనులతోను దానిని పరిశీలిస్తున్నారు.

2007లో డయాన్ సైడెల్, విలియం రాండెల్ అను శాస్త్రజ్ఞులు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆ కప్పు 15 కిలోమీటర్లకు పైన ఉన్నదో లెక్కించారు. 300 రోజులు దాటితే ఉష్ణమండలం. 100 రోజులకు తగ్గితే కాదు. ఆ లెక్కన 1979 నుండి 2005 వరకు 5 నుండి 8 డిగ్రీల విస్తరణ కనబడింది. 5ను విడిచి 8ని పట్టుకున్నది మేమే!

2010లో థామస్ బర్నర్ అను మరొక శాస్త్రజ్ఞుడు, హద్దుగా ఎన్ని రోజులు పెట్టుకుంటామో దానిని బట్టి జవాబే మారిపోతున్నదని చూపాడు. పైగా భూమి వేడెక్కుచున్నందున ఆ కప్పే మొత్తంగా పైకి జరుగుచున్నది. చెరువులో నీరు జానెడు పెరిగితే అంచున మరికొంత నేల మునుగుతుంది. అంతమాత్రాన కట్ట జరిగినట్టు కాదు. కిందనున్న గాలులను బట్టి కొలిచినప్పుడు విస్తరణ పదేళ్లకు సుమారు అర డిగ్రీ, లేక అంతకంటె తక్కువ అని తేలింది.

మరుసటి ఆదివారం అదే పుల్పిట్ నుండి తప్పు ఒప్పుకొన్నాము. సంఘ పెద్ద ఒకరు తరువాత మమ్మును పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఇట్లా చెబితే అసలు ప్రమాదమే లేదనుకోరా?" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. కాని అర డిగ్రీ అంటే 55 కిలోమీటర్లు. ఎడారి అంచున విత్తనం వేసినవానికి అది చిన్న దూరమా? ఉన్న సత్యమే చాలినంత బరువుగా ఉన్నది. దానిమీద మన వ్రేలు పెట్టి నొక్కనక్కరలేదు.

సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనంలో త్రాసును గూర్చిన మాట ఉన్నది. దానిని మేము కిరాణా కొట్టువారికి ఎన్నోసార్లు బోధించాము. పుల్పిట్ మీద కూడ ఒక త్రాసు ఉన్నదని ఇప్పుడు నేర్చుకొన్నాము. గాలికి సహితం బరువు నియమించిన దేవుడు (యోబు 28:25) మన మాటలను తూచకుండా విడిచిపెడతాడా?

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడిగి చూడండి: ఇతరులను ఒప్పించాలని, భయపెట్టాలని, మనం ఎక్కడ 5ను 8గా చెబుతున్నాము? సరిదిద్దిన ఆ సహోదరి కొరకు మేము దేవుని స్తుతిస్తున్నాము. అట్టివారిని ప్రతి సంఘమునకు ప్రభువు దయచేయును గాక. ఆమేన్.