చిన్న వాటాదారుకు దిక్కేది?

కంపెనీ లాభాల్లో నడిచినంతకాలం వాటాదారుల మధ్య పేచీలు పైకి రావు. నష్టాలు మొదలైనప్పుడే ఎవరి మాట ఎంత చెల్లుతుందో తేలుతుంది. స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన కంపెనీ మదుపుదారుకు ఒక వెసులుబాటు ఉంది. నచ్చకపోతే వచ్చిన ధరకు వాటాలు అమ్ముకుని బయటపడవచ్చు. ప్రైవేటు కంపెనీలో అదీ లేదు. వాటాల బదిలీపై ఆంక్షలుండటమే చట్టరీత్యా దాని లక్షణం. బంధుమిత్రులు కలిసి పెట్టుకున్న సంస్థ చిక్కుల్లో పడితే, అందులో స్వల్ప వాటా ఉన్నవారు లోపల ఉండి చేయగలిగిందీ ఉండదు, బయటకు పోయే దారీ ఉండదు.

వీరి రక్షణకు చట్టం లేకపోలేదు. పూర్వపు 1956 కంపెనీల చట్టంలోని 397, 398 సెక్షన్ల స్థానంలో 2013 చట్టంలోని 241, 242 సెక్షన్లు వచ్చాయి. పెత్తనం చేసే వర్గం అణచివేతకు, దుర్నిర్వహణకు పాల్పడితే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. డైరెక్టర్లను తొలగించడం మొదలు ఫిర్యాదీ వాటాలను ఇతర సభ్యులచేత కొనిపించడం వరకు ట్రిబ్యునల్‌కు అధికారాలున్నాయి. అయితే ఆ గడప తొక్కాలంటే వాటా మూలధనంలో పదోవంతు ఉండాలి. లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, వంద మంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది కలిసి రావాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ముప్పై మంది సభ్యులు, కోటి రూపాయల మూలధనం గల కంపెనీలో ఒకరికి 12 లక్షల వాటా ఉందనుకుందాం. సంస్థను ఆదుకోవడానికంటూ బోర్డు మరో కోటి రూపాయలకు కొత్త వాటాలు జారీ చేస్తుంది. ముందుగా ఉన్న సభ్యులకే ఇవ్వజూపాలన్నది నిబంధన. కాని అంగీకారానికి గడువు గరిష్ఠంగా 30 రోజులే. ఇలాంటి జారీకి విలువ నిర్ధారణ నివేదికను కంపెనీల చట్టం అడగదు. వార్షిక లెక్కలు అందుతాయే తప్ప ఖాతా పుస్తకాలు తిరగేసే హక్కు సామాన్య సభ్యునికి లేదు. ఏమీ తెలియకుండా మునుగుతున్న పడవలో మరో 12 లక్షలు ఎవరు పెడతారు? పెట్టకపోతే వాటా 12 నుంచి 6 శాతానికి పడిపోతుంది. ఒంటరిగా ఫిర్యాదు చేసే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది.

అర్హత నిబంధనను సడలించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కాని సడలింపు కోరడమే మరో వ్యాజ్యమవుతోంది. టాటా సన్స్ ఈక్విటీలో 18 శాతానికి పైగా ఉన్న షాపూర్‌జీ పల్లోంజీ వర్గమే, ప్రిఫరెన్స్ వాటాలు కలిపితే పదోవంతుకు తగ్గడంతో, 2017లో సడలింపు కోసం పోరాడవలసి వచ్చింది. 2016 చివర మొదలైన ఆ వివాదంలో సుప్రీంకోర్టు తీర్పు 2021 మార్చిలో వచ్చింది. అది టాటాలకు అనుకూలం. అంతటి వర్గానికే నాలుగేళ్లకు పైగా పడితే సామాన్య వాటాదారు మాటేమిటి? కేసులను మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలన్న చట్టం మాట ఏమైనట్లు?

కష్టకాలంలో డబ్బు తెచ్చేవారి మాటకు విలువ ఉండాలన్న వాదనా కొట్టివేయదగింది కాదు. 1981లో నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు కొత్త వాటాల జారీని అణచివేతగా పరిగణించలేదు. అయినా 190 రూపాయల విలువైన వాటాలు 100 రూపాయలకే పొందినవారు, వాటా పలచబడిన విదేశీ సంస్థకు 8.54 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అక్కడ నష్టపోయింది పెద్ద సంస్థే. సూత్రం మాత్రం చిన్నవారికీ వర్తించదగింది.

2016 దివాలా స్మృతి ప్రకారం ఆస్తుల పంపకంలో ఈక్విటీ వాటాదారులది చిట్టచివరి స్థానం. కనుక జాప్యమే వారికి నష్టం. వివాదాస్పద జారీకి ముందున్న వాటానే అర్హతకు ప్రమాణంగా చట్టం స్పష్టం చేయాలి. కొత్త వాటాల జారీకి స్వతంత్ర విలువ నిర్ధారణను, తాజా లెక్కలను తప్పనిసరి చేయాలి. న్యాయమైన ధరకు వైదొలగే అభ్యర్థనలను గడువులోగా తేల్చాలి. కంపెనీ మునిగిపోయాక వచ్చే తీర్పు చిన్న వాటాదారుకు కాగితం ముక్కే.