విద్యార్థుల దీక్ష - మన ఇండ్లలోని మాట



దూరదేశాల కష్టాల కోసం కాలేజీ పిల్లలు పాఠాలు మాని వీధికెక్కడం వట్టి కాలహరణమని ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకులు వ్రాశారు. వారిది నా వయస్సే అయివుండవచ్చును. 2013వ సంవత్సరంలో నేనున్నూ మా ఇంట్లో అదే మాట అన్నాను. అందుచేతనే ఈ ఉత్తరం వ్రాయవలసి వచ్చినది.

ఆ ఏడు మార్చి 8వ తేదీన చెన్నై లయోలా కాలేజీ విద్యార్థులు ఎనిమిదిమంది శ్రీలంక తమిళుల కోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు. 2009 మే నెలలో ముగిసిన యుద్ధపు చివరి నెలలలో 40 వేలమంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2011లో తెలియజేసింది. నాలుగేండ్లు గడిచినా నిష్పక్షపాతమైన విచారణ అన్నది జరగలేదు. పైగా ఆ ఫిబ్రవరిలోనే ప్రభాకరన్ కుమారుడు, పన్నెండేండ్లవాడు, కూర్చుని ఏదో తింటున్న ఫోటోను, తర్వాత రొమ్మున తూటా దెబ్బలతో పడివున్న ఫోటోను పత్రికలు ప్రకటించాయి. తండ్రి చేసినవి ఏవైనా కానీయండి, ఆ పిల్లవాడి ముఖం చూసిన రోజున నాకు అన్నం సయించలేదు.

దీక్షాపరులను మూడు నాళ్ళకే పోలీసులు లేవదీసుకుపోయారు. దానితో నిప్పు రాజుకుని రాష్ట్రమంతటా కాలేజీల ముందర పందిళ్ళు వెలిశాయి. సర్కారువారు కాలేజీలకు నిరవధికంగా సెలవు ప్రకటించారు.

అప్పుడు మా అమ్మాయి బి.ఎస్.సి. రెండవ ఏడు చదువుతున్నది. ఒక రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, మా కాలేజీవాళ్ళందరూ రేపు కూర్చుంటున్నారు, నేనూ పోతాను" అన్నది. "వద్దమ్మా. అది అరవవాళ్ళ సంగతి. మనం తెలుగువాళ్ళం. నేను చూస్తే సర్కారు ఉద్యోగిని" అన్నాను. "రేషను బియ్యానికి ఈ ఊరివాళ్ళం, దీనికి మాత్రం తెలుగువాళ్ళమా నాన్నా?" అని అడిగి, చేయి కడుక్కుని లేచిపోయింది. మా పూర్వులు నాయకరాజుల కాలంలో ఈ సీమకు వచ్చారని మా తాతగారు చెప్పేవారు. అన్ని తరాలు ఈ నీళ్ళు తాగిన ఇంట్లో ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అయినా పంపలేదు.

నా భయానికి కారణం లేకపోలేదు. 1991 మే 21న రాజీవ్ గాంధీగారు హత్యకు గురియైన శ్రీపెరుంబుదూరు మాకు ఎంతో దూరం కాదు. అటుపిమ్మట ఈలం మాట ఎత్తితేనే మా కచేరీలో ఫైళ్ళలో తలలు దూర్చేవాళ్ళం.

విద్యార్థులు చేసినదంతా ఒప్పని నేననను. పులులు పౌరులను అడ్డం పెట్టుకున్నారనీ, పారిపోబోయిన వారిని కాల్చారనీ అదే నిపుణుల సంఘం వ్రాసింది. ఆ సంగతి పందిళ్ళలో నాకు వినబడలేదు. అదే వారంలో తంజావూరులోనూ చెన్నై సెంట్రల్ స్టేషనులోనూ సింహళ భిక్షువుల మీద ఎవరో చేయిచేసుకున్నారు. అది సిగ్గుమాలిన పని. ఆకలితో కూర్చున్న పిల్లలను దానితో ముడిపెట్టరాదు గాని, దానిని గట్టిగా ఖండించవలసినవారు కూడ వారే.

ఇక ఫలితం. డి.ఎం.కె. వారు మార్చి 19న కేంద్ర ప్రభుత్వం నుండి తప్పుకున్నారు. 21న జెనీవాలో తీర్మానం 25 ఓట్లతో నెగ్గింది, మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. 27న రాష్ట్ర శాసనసభ ఈలం విషయమై ప్రజాభిప్రాయ సేకరణ కావలెనని తీర్మానించింది. ఆ సేకరణ ఈనాటికీ జరగలేదు. మరుసటి ఏడు జెనీవాలో విచారణకే తీర్మానం వచ్చినప్పుడు మన దేశం ఓటు వేయక తటస్థంగా ఉండిపోయింది. అప్పుడు మా వీధులలో ఒక్క పందిరి కూడ నా కంటబడలేదు. పాఠకులవారు పిల్లలను తప్పుపట్టదలిస్తే ఇక్కడ పట్టవలెను. కూర్చున్నందుకు కాదు, అంత త్వరగా లేచిపోయినందుకు.

సముద్రం అవతలివారి సంగతి అటుంచి, ఇవతలికి వచ్చినవారిని చూడండి. 1983 నుండి విడతలు విడతలుగా మూడు లక్షలకు పైగా జనం పడవలెక్కి వచ్చారు. ఇంకా సుమారు 58 వేలమంది తమిళనాడు శిబిరాలలోనే ఉన్నారు. 2021లో సర్కారువారు 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించి, కాందిశీకుల శిబిరాలను పునరావాస శిబిరాలని పేరు మార్చారు. సంతోషమే. అయితే అక్కడే పుట్టి, అక్కడే పెండ్లాడి, పిల్లలను కన్నవారికి కూడ పౌరసత్వం లేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరే లేకపోయెను.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకే చదివినవాడను. కాని తాలూకా కచేరీలో గుమాస్తాగా అర్జీలతోనే జీవితం గడిపాను. 1987 జూలై 1వ తేదీకి ముందు ఈ గడ్డపై పుట్టినవారు పుట్టుక చేతనే పౌరులని చట్టంలో ఉన్నది. ఒక కేసులో 2022లో హైకోర్టు మదురై ధర్మాసనం కూడ ఆ మాటే చెప్పింది. అటువంటివారు శిబిరాలలో ఉన్నారు. కావలసినది జనన ధ్రువపత్రం. అది ఉంటే పేరులో ఒక అక్షరం తేడా, బడి సర్టిఫికెట్‌లో ఇనీషియల్ తేడా. ఇవి నిరాహారదీక్షలతో తీరేవి కావు, ఓపికగా కాగితం వెంట తిరగవలెను.

గుమ్మిడిపూండి శిబిరం లోపలికి పోవడానికి అనుమతి కావలెను గనుక, రెండవ శనివారాలలో నేనూ నాతో రిటైరైన మరొకరూ బయట టీ కొట్టు బల్లమీద కూర్చుని అర్జీలు వ్రాసిపెడుతున్నాము. అమ్మాయి ఇప్పుడు బెంగుళూరులో కాపురమున్నది. వచ్చినప్పుడల్లా తానూ ఒక పూట కూర్చుంటుంది. నాకు చూపు మందగించింది. తమిళం, ఇంగ్లీషు రెండూ తప్పులేకుండా వ్రాయగల విద్యార్థులు నలుగురైదుగురు కావలసి ఉన్నది. వారిని పంపే తల్లిదండ్రులున్నూ కావలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
తిరువళ్ళూరు జిల్లా.