ధూమపాన విసర్జనము - సంకల్పము

పొగ త్రాగుట కీడని యెఱుగనివాడు నేడు అరుదు. పెట్టెపై ముద్రించిన రోగి బొమ్మను చూచుచునే పొగత్రాగువాడు సిగరెట్టు వెలిగించుచున్నాడు. కావున లోపించినది జ్ఞానము కాదు, సంకల్పము. "మానవలెననియే యున్నది, మనస్సు కుదురుట లేదు" అని పలువు రనుచుందురు. మనస్సు కుదిరిన పిమ్మట మానుదమనుట అలలు తగ్గిన పిమ్మట సముద్రస్నానము చేయుదమనుట వంటిది.

ఈ బంధము స్వరూపమును ముందు గుర్తింపవలెను. పొగలోని నికోటిన్ కొన్ని క్షణములలోనే మెదడును చేరి సుఖము గొల్పును. గంట రెండుగంటలలో దాని బలము తగ్గి చిరాకు పుట్టును. ఆ చిరాకును మఱియొక సిగరెట్టు తీర్చును. తాను తెచ్చిన బాధకు తానే మందగు ఈ మాయను మనము విశ్రాంతి యని భ్రమించుచున్నాము. మానిన మొదటి వారము కష్టమే; కాని కొలది వారములలో ఆ బాధ సడలును. ఒక్కొక్క కోరిక కొన్ని నిమిషములకంటె నిలువదు.

భయమొక్కటియే మనుష్యుని మాన్పింపజాలదు. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములలో నిప్పుకొనను నోటిలోనుంచి చుట్ట కాల్చు అడ్డపొగ అంగిటి క్యాన్సరునకు హేతువని వైద్యులు ఏనాడో తేల్చిరి. అయినను ఆ యలవాటు అంత సులభముగ తొలగలేదు. ఎన్నడో రానున్న రోగముకంటె చేతనున్న చుట్ట చేరువ. కనుక మానుటకు కారణమును కూడ చేరువనే వెదకికొనవలెను.

ఈ పంక్తులు వ్రాయు చేయి ఇరువదియేండ్లు సిగరెట్టు పట్టినదే. మూడుమారులు మాని మూడుమారులును ఓడితిమి. ఒకనాడు కార్యాలయపు మెట్లెక్కుచు నడుమ ఊపిరికై నిలిచిపోగా, కాగితముల కట్ట మోయుచు వెనుక వచ్చుచున్న ముదుసలి నౌకరు మేము కదలువఱకు మాటాడక వేచియుండెను. వైద్యుల హెచ్చరికలు చేయలేనిదానిని ఆ మౌనము చేసినది.

"వయస్సు మీఱినది, ఇప్పుడు మాని యేమి ఫలము?" అనువారికి సమాధానము కలదు. బ్రిటిషు వైద్యులను 50 ఏండ్లు పరిశీలించి డాల్ పండితుడును సహచరులును 2004లో ప్రకటించిన లెక్క యిది: 30వ యేట మానినచో సుమారు 10 ఏండ్లు, 40వ యేట 9, 50వ యేట 6, 60వ యేట సైతము 3 ఏండ్లు ఆయువు దక్కును.

దినమొకటి నిశ్చయించి ఇంటివారికి చెప్పుడు. అగ్గిపెట్టెను, మిగిలిన సిగరెట్లను ఇంట నుంచకుడు. కాఫీ తరువాత చేయి వెదకు వేళ లేచి నాలుగడుగులు నడువుడు. ఒకమారు తప్పినచో వ్రతము చెడెనని విడువక మఱునాడు మరల పూనుడు. తోడు కావలసినవారికి వైద్యులున్నారు; ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సలహాకేంద్రము 1800-11-2356 ఉన్నది. కారణము గొప్పదై యుండనక్కఱలేదు, తనదై యుండిన చాలును. సంకల్పము కొఱకు వేచియుండకుడు. అది మొదటి దినము గడచిన పిమ్మటనే బలపడును.