సైనికుడి భార్యకూ ఒక కోర్టు ఉంది

ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల గుడి దగ్గర ఉత్సవాలు జరుగుతాయి. బాలచంద్రుడి పౌరుషం గురించి ఎంతో చెప్పుకుంటాం. యుద్ధానికి పోయినవాడి ఇంట్లో మిగిలిన ఆడమనిషి ఎట్లా బతికిందని మాత్రం అడగం.

ఈమధ్య గురజాల దగ్గర ఒక ఊళ్లో పొదుపు సంఘం మీటింగు అయ్యాక ఒకామె ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం తెచ్చి, "ఇదేందో చదివి చెప్పక్కా" అంది. ఆమె భర్త సిపాయిగా ఉండగానే జబ్బు చేసి చనిపోయాడు. మామూలు కుటుంబ పెన్షన్ వస్తోంది. ఆ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదు కనుక ప్రత్యేక కుటుంబ పెన్షన్ ఇవ్వలేమని ఇంగ్లీషులో రాసిన ఉత్తరం అది. వచ్చి రెండేళ్లయింది. దాని మీద అప్పీలు చేసుకోవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు.

కోర్టు మార్షల్‌లో శిక్ష పడితే సైన్యం బయట అప్పీలుకు దారి లేకపోవడాన్ని సుప్రీంకోర్టు 1982లోనే ఎత్తి చూపింది. 2007లో గాని సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం రాలేదు. 2009 ఆగస్టులో ట్రిబ్యునల్ మొదలైంది. ఒక న్యాయ సభ్యుడూ, సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసిన ఒక సభ్యుడూ కూర్చుని కోర్టు మార్షల్ అప్పీళ్లూ, జీతం, ప్రమోషన్, పెన్షన్ తగాదాలూ వింటారు. బదిలీలు, సెలవులు దీని కిందికి రావు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కుటుంబాలు హైకోర్టుకే వెళ్లాలి. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఈ చట్టం సైనికుడి మీద ఆధారపడినవాళ్లకూ, వారసులకూ కూడా వర్తిస్తుంది.

సెలీనా జాన్ 1985లో సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో నర్సింగ్ అధికారిగా చేరింది. పెళ్లి చేసుకుందని 1988లో ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ నియమం నర్సింగ్ సర్వీసులోని స్త్రీలకే! 2016లో ట్రిబ్యునల్ లక్నో బెంచి ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని లింగవివక్షగా తేల్చి, ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. గెలిచింది, నిజమే. కానీ 36 ఏళ్లు పట్టింది.

ముందు శాఖకు అప్పీలు పెట్టాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అప్పీలుకు ఆరు నెలలు జవాబు రాకపోయినా వెళ్లవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అయితే పెన్షన్ కేసు ఆలస్యంగా వేస్తే, బకాయిలు మామూలుగా కేసుకు ముందటి మూడేళ్లకే దక్కుతాయని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం పెట్టెలో ఉన్నన్నాళ్లూ నష్టపోయేది ఆమే.

మన రాష్ట్రం చెన్నై బెంచి కింద ఉంది. కూలి మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి మాచర్ల నుంచి చెన్నైకి ఎన్ని వాయిదాలకు తిరగగలదు? న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అది కాగితం మీద ఉంటే చాలదు. తిరస్కరణ ఉత్తరాలు తెలుగులో రావాలి. ఎక్కడ, ఎన్నాళ్లలోగా అప్పీలు చేసుకోవాలో అందులోనే రాయాలి. ట్రిబ్యునల్ మన రాష్ట్రానికి వచ్చి కేసులు వినాలి.

ఇవి అడుగుతూనే మనం చేయగల పని ఒకటుంది. ఈసారి ఊళ్లకు వెళ్లినప్పుడు సైనికుల కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అడగండి. పెన్షన్ ఉత్తర్వు, ఆసుపత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం, వచ్చిన ప్రతి ఉత్తరం కవరుతో సహా దాచుకోమనండి. గురజాల దగ్గరి ఆమె అప్పీలు మొన్న పోస్టులో వెళ్లింది. రసీదు ఆమె దగ్గరే ఉంది.