ముద్దాయి పక్షపు వకీలు, అతని చందా

ఇందిరాపురము ఢిల్లీ పొలిమేరను ఆనుకొనియున్నను ఉత్తరప్రదేశమునందలి గాజియాబాదు జిల్లాలోనిది కావున, అచ్చటి పోలీసుస్టేషనులో నమోదైన క్రిమినల్ కేసు చేరువనున్న ఢిల్లీ కడ్కడ్డూమా కోర్టునకు గాక గాజియాబాదు జిల్లా కోర్టునకును, అప్పీలైనచో ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న అలహాబాదు హైకోర్టునకును పోవును. అట్టి చోట కాపురముండి సరిహద్దునకు ఇరుప్రక్కల ముద్దాయిల తరఫున వకాలత్నామా వేయు న్యాయవాదికి ఒక బార్ అసోసియేషను చాలదు. ప్రవేశ రుసుము, వార్షిక చందా రెండుచోట్లను కట్టుకొనవలసివచ్చును.

న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకొనుటకు 1961 నాటి అడ్వకేట్ల చట్టము ప్రకారము రుసుము 750 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు నానావిధముల పద్దులు చేర్చి దానిని 15,000 మొదలు 42,000 దాకా పెంచుకొనిపోగా, చట్టము చెప్పినదానికి మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు నమోదు రుసుమునకే పరిమితము; నల్లకోటు తొడిగిన పిదప చేరవలసిన సంఘముల చందా దాని వెలుపలనే మిగిలినది. రిమాండు ఖైదీ తల్లి కొంగున ముడివేసి తెచ్చిన సొమ్ములో స్టాంపులకును, సర్టిఫైడు కాపీలకును పోగా మిగిలినదే ఫీజుగా పుచ్చుకొను జూనియరునకు ఇది చిన్న విషయము కాదు. జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామములలో 15,000 ఇవ్వవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించినది గాని, అది సూచన మాత్రమే.

అమెరికాలో 1958లో స్థాపితమైన క్రిమినల్ డిఫెన్సు న్యాయవాదుల జాతీయ సంఘమున విద్యార్థికి, కొత్తవానికి, పేదల పక్షమున జీతముపై వాదించు పబ్లిక్ డిఫెండరునకు, తలపండిన వకీలునకు వేర్వేరు తరగతులు, వేర్వేరు చందాలు కలవు. మన సంఘములు వాదించు పక్షమునుబట్టి గాక కోర్టు ప్రాంగణమునుబట్టి ఏర్పడినవి. అయినను 2022లో జాతీయ న్యాయసేవల సంస్థ తెచ్చిన పథకము వలన ప్రైవేటు కేసులు ముట్టక నిర్ణీత పారితోషికముపై పేద ముద్దాయిలకై పనిచేయు డిఫెన్సు కౌన్సెళ్ళు జిల్లాలలో వెలసియున్నందున, వారికి తక్కువ చందాతో ప్రత్యేక తరగతి కల్పించుట న్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఓటు సంగతి వేరు. ఎన్నికల ముంగిట అభ్యర్థులే బకాయిలు చెల్లించి సభ్యులను తరలించు దురాచారము అందరెరిగినదే. ఒక బార్, ఒక ఓటు అను సూత్రమును సుప్రీంకోర్టు 2011లో సమర్థించినది. కావున ఇందిరాపురపు వకీలు ఎచ్చట ఓటు వేయునో ముందే తేల్చుకొనవలెను. ఓటు లేని రెండవచోట పూర్తి చందా గుంజుట మాత్రము సబబు కాదు.

అన్నింటికన్న బరువైనది మరియొకటి. జనాగ్రహమునకు గురియైన ముద్దాయి తరఫున ఎవరును వాదింపరాదని బార్ అసోసియేషన్లు తీర్మానించుట, ధిక్కరించినవాని సభ్యత్వముపై కత్తి వ్రేలాడదీయుట మన దేశమున పలుమారులు జరిగినవి. కోయంబత్తూరు న్యాయవాదుల తీర్మానమునుండి పుట్టిన మహమ్మద్ రఫీ కేసులో 2010 డిసెంబరున సుప్రీంకోర్టు అట్టి తీర్మానములు చెల్లవని స్పష్టముగా చెప్పినది. నక్సలైట్లపై నడచిన పార్వతీపురము కుట్ర కేసులో పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ వంటివారు ముద్దాయిల పక్షమున నిలువగలిగిన తెలుగు దేశమునందైనను, ఉత్తరప్రదేశమునందైనను, వకాలతు పుచ్చుకొన్నందులకు ఏ సభ్యుని పేరును కొట్టివేయరాదని, చందా బకాయిని సాకుగా చేసికొని బహిష్కరింపరాదని ప్రతి సంఘపు నియమావళిలో, చందాల పట్టిక ప్రక్కనే, వ్రాయించవలెను.