తెల్లకాగితం... నల్లబొగ్గు!

కొత్తగూడెం మీదుగా భద్రాద్రి రాముడి దర్శనానికి వెళ్లేవాళ్లకు గోదావరి వంతెన కన్నా ముందు సారపాక వస్తుంది. జామాయిల్ కర్రతో నిండిన లారీలు, ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు... భద్రాచలం కాగితపు మిల్లు అక్కడే ఉంది. పిల్లల నోటుపుస్తకంగానో, మందుల డబ్బాగానో, టూత్‌పేస్టు అట్టపెట్టెగానో ఆ మిల్లు సరుకు ఎన్నో ఇళ్లకు చేరుతుంటుంది.

'కాగితం పొదుపు చేస్తే చెట్టు బతుకుతుంది' అని బడిలో పిల్లలకు చెబుతారు. నిజమే. కానీ అది సగం లెక్కే! కాగితానికి కర్ర ఎంత కావాలో మంటా అంతే కావాలి. నీళ్లు కావాలి, పొలం కావాలి. ఆ మిగతా సగం ఖర్చు ఎవరి పద్దులో పడుతోందో ఖమ్మం, భద్రాచలం సరిహద్దు పల్లెల్ని చూస్తే తెలుస్తుంది.

అడవి నుంచి పొలానికి...

భద్రాచలం పేపర్‌బోర్డ్స్ సంస్థ 1975లో ఏర్పడింది. 1979లో ఉత్పత్తి మొదలైంది. 2002లో ఐటీసీలో విలీనమైంది. తొలిరోజుల్లో మిల్లుకు ముడిసరుకంటే అడవిలోని వెదురు, కలపే. దిగువనున్న రాజమండ్రి కాగితపు మిల్లుదీ అదే దారి. ఏజెన్సీ కొండల వెదురు గోదావరి మీదుగా ప్రయాణం కట్టేది.

అదే వెదురు మేదరివాళ్లకు బుట్ట, చేట, తడిక. కొండరెడ్లకు ఇంటి గోడ, వానాకాలంలో కూరకు లేత కొమ్ము. ఒకే పొదకు ఇటు మిల్లు, అటు పల్లె... ఇద్దరూ హక్కుదారులే. ఇలాంటి పోటీ దేశమంతటా ఉండేది. పరిశ్రమలకు సర్కారు అడవి సరుకును చౌకగా కట్టబెడుతోందన్న విమర్శా పెరిగింది. చివరికి 1988 నాటి జాతీయ అటవీ విధానం ఆ రాయితీలు ఆపాలని చెప్పింది. కర్ర కావాలంటే మిల్లులే రైతులతో నేరుగా మాట్లాడుకుని పెంచుకోవాలంది.

ఆ మరుసటేడు, 1989లో, భద్రాచలం మిల్లు జామాయిల్ క్లోన్ల మీద పని మొదలుపెట్టింది. ఏపుగా, తిన్నగా ఎదిగిన చెట్టును ఎంచుకోవడం, దాని కొమ్మల నుంచి మొక్కలు తీయడం, రైతులకు అందించడం. విత్తనపు మొక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా పెరుగుతాయి. క్లోన్లు మాత్రం అన్నీ ఒకే తీరుగా, త్వరగా ఎదుగుతాయి. సుమారు నాలుగేళ్లకు నరుకుడుకొస్తాయి. మోడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఇంకోసారి నాటక్కర్లేదు. వివిధ రాష్ట్రాల్లో ఇప్పటికి 10 లక్షల ఎకరాలకు పైగా తోటలు వేయించామని ఐటీసీ చెబుతోంది.

దీంతో అడవి మీద భారం తగ్గింది. అందులో సందేహం లేదు. అయితే ఆ భారం మాయమైపోలేదు, పొలం గట్టు దాటి లోపలికొచ్చింది. జామాయిల్ తోట దూరం నుంచి అడవిలాగే కనిపిస్తుంది. దగ్గరికెళితే ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు, మేకకు మేతా ఉండదు. భూగర్భ జలాల భయంతో కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి తోటలు వేయడాన్ని నిషేధించింది. ఆ నీలగిరి, మన జామాయిల్ ఒక జాతివే.

రైతుకు ఇంకో చిక్కుంది. కందులు ధర పలక్కపోతే ఇంట్లో వండుకోవచ్చు. జామాయిల్ కర్రను ఏం చేస్తాడు? కొనే మిల్లు ఉంటేనే దానికి విలువ. ములుగు జిల్లా కమలాపురంలో జామాయిల్ కర్రతో రేయాన్ గుజ్జు తీసే కర్మాగారం 2014లో మూతపడింది. కాగజ్‌నగర్‌లోని సిర్పూరు మిల్లు కూడా అదే ఏడాది ఆగిపోయి, 2018లో కొత్త యాజమాన్యం చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. నాలుగేళ్లు కాపాడిన పంట ఒక్క గేటు మీద ఆధారపడి ఉండటమంటే అదీ!

ఉడికించేందుకు ఓ మంట... ఆరబెట్టేందుకు ఓ మంట

టన్ను కాగితానికి రెండు టన్నులకు పైగా కర్ర కావాలి. ఎందుకంటే కర్రలో కాగితానికి పనికొచ్చే పీచు దాదాపు సగమే. పీచును అతికించి ఉంచే లిగ్నిన్ అనే జిగురును వదిలించాలి. అందుకే కర్రను ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన నీళ్లలో పెద్ద పాత్రల్లో ఉడికిస్తారు. ఇలాంటి మిల్లుల దగ్గర కుళ్లిన క్యాబేజీలా కొట్టే వాసన ఆ గంధకం పుణ్యమే!

పీచు తీసేశాక చిక్కటి నల్లటి ద్రవం మిగులుతుంది. దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. ఒకప్పుడు చాలా చిన్న మిల్లులు దీన్ని వాగుల్లోకి వదిలేసేవి. పెద్ద మిల్లులు నీటిని ఇగిర్చి బాయిలర్లో మండిస్తాయి. ఆవిరీ, కరెంటూ వస్తాయి. వాడిన రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. అంటే కాగితపు పరిశ్రమ తన వంటచెరకులో కొంత తనే సంపాదించుకుంటుందన్నమాట.

కానీ అది చాలదు. కాగితంగా మారబోయే గుజ్జును యంత్రం మీద పోసేటప్పుడు వంద లీటర్ల నీళ్లలో పీచు కిలో కూడా ఉండదు. కొంత నీరు జాలీలోంచి కారిపోతుంది. కొంత రోలర్ల మధ్య పిండేస్తారు. అప్పటికీ తడిపొరలో సగానికి సగం నీళ్లే. దాన్ని ఆవిరితో కాగే డ్రమ్ముల మీదుగా లాగి ఆరబెట్టాలి. ఆవిరిని ఎక్కువగా మింగేది ఇక్కడే. రోలర్ల దగ్గర ఒక్క శాతం నీరు అదనంగా పిండగలిగితే ఆరబెట్టే ఆవిరిలో సుమారు నాలుగు శాతం ఆదా అవుతుందని ఇంజినీర్ల లెక్క. తడిబట్టను గట్టిగా పిండి ఆరేస్తే త్వరగా ఆరుతుందని ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది!

ఆ లోటు పూడ్చేది బొగ్గు. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతంలో సింగరేణి బొగ్గు చేరువలోనే ఉంది. కాగితపు పరిశ్రమకు ఇంధనం ఎంత ముఖ్యమంటే, 2012లో కేంద్రం ఇంధన పొదుపు లక్ష్యాల పథకం మొదలుపెట్టినప్పుడు తొలివిడత ఎనిమిది రంగాల్లో దీన్నీ చేర్చింది.

మార్పు రాలేదని కాదు. గుజ్జును తెల్లబరచడానికి నేరుగా క్లోరిన్ వాడితే నీళ్లలో విషపదార్థాలు చేరతాయి. భద్రాచలం మిల్లు 2002లో ఆ పద్ధతి మానేసింది. దేశంలో అలా మారిన మొదటి మిల్లు అదే. ఒకప్పుడు టన్ను కాగితానికి లక్ష లీటర్లకు పైగా నీళ్లు వాడిన పరిశ్రమలో, బాగా నడిచే మిల్లులు ఇప్పుడు అందులో సగంతోనే సరిపెడుతున్నాయి. అయినా వాడకం పెరిగితే పొదుపు చేసినదంతా అందులోనే కలిసిపోతుంది. ప్లాస్టిక్ బదులు అట్టపెట్టె వచ్చిన ప్రతిచోటా గిరాకీ పెరుగుతూనే ఉంది.

పాత పేపరు విలువ

మరి పాత కాగితాన్నే మళ్లీ వాడుకుంటే? మన దేశంలో తయారయ్యే కాగితంలో మూడింట రెండు వంతులకు పైగా ఇప్పటికే అలా తయారవుతున్నదే. కర్రను ఉడికించే పనే ఉండదు కాబట్టి శ్రమా, ఇంధనమూ తగ్గుతాయి. ఇక్కడా ఓ మెలిక ఉంది. కర్ర లేకపోతే బ్లాక్ లిక్కరూ ఉండదు. కాబట్టి పాత కాగితం మిల్లుకు కావాల్సిన ఆ తక్కువ మంటైనా బయటి నుంచే రావాలి. అది బొగ్గా, ఊకా, ఎండ నుంచి తీసిన కరెంటా అన్నదాన్నిబట్టే అసలు లాభం తేలుతుంది.

ఇంకో విచిత్రం. పాత కాగితం చాలక మన మిల్లులు విదేశాల నుంచి ఓడల మీద తెప్పించుకుంటున్నాయి. ఇక్కడేమో మంచి కాగితం కూరల తొక్కల్లో, టీ పొడిలో నాని చెత్తబండి ఎక్కుతోంది. నూనె, తడి అంటిన కాగితం మిల్లుకు దాదాపు పనికిరాదు. పొడిగా ఉన్నదే సరుకు.

అందుకే ఇంట్లో చేయాల్సినవి రెండే. కాగితాన్ని, అట్టపెట్టెల్ని తడి తగలకుండా విడిగా ఉంచి పాత పేపర్లు కొనేవాడికి ఇవ్వడం. బడి మూసే వేళకు పిల్లల నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాల్ని ఒక్కచోట కుట్టించడం. సర్కారు చేయాల్సింది ఒకటుంది. కర్ర, నీళ్లు, బొగ్గు... ఈ మూడింటి లెక్కనూ మిల్లుల వారీగా, ఊళ్లో రైతుకు సైతం అర్థమయ్యేలా తెలుగులో ఏటా బయటపెట్టించాలి. ఏ తోట వేయాలో తేల్చుకోవాల్సింది, చివరికి ఆ నీళ్లు తాగాల్సింది వాళ్లే కదా!